గంగాబొండం గెల

జనవరి 8, 1985, మంగళవారం

మా పోస్టుమాస్టరుగారు రిటైరై ఏడాది దాటినా పోస్టాఫీసువాళ్ళు ఆయనకి డైరీ పంపడం మానలేదు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలమీదా ముద్దర్లు కొట్టిన మనిషి, సొంతంగా ఒక మాట రాయమంటే చెయ్యి వణుకుతుంది. అందుకని నేను లాక్కున్నాను. ఏ విత్తనం ఎప్పుడు పెట్టానో రాసుకోడానికి పనికొస్తుంది.

ఇవాళ పక్కతోట అమ్మిరాజుగారు వచ్చారు. అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగి, మా ఆయన ఆరోగ్యం, నా ఆరోగ్యం, మా కోళ్ళ ఆరోగ్యం అడిగాక అసలు సంగతికి వచ్చారు.

"టీచరుగారండీ, గొంగళిపురుగు మా కొబ్బరితోటంతా పాకేసిందండి. వేళ్ళకి మందు కట్టించేస్తున్నాను. మీ పెరట్లో గంగాబొండం చెట్టుకీ పట్టినట్టుంది. మావాళ్ళచేతే కట్టించేస్తానండి, తమరు ఊ అంటే చాలు."

వేరుకి మందు కట్టడం నేనూ చూశాను. లేత వేరుని ఏటవాలుగా కోసి, మందునీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచి దానికి కట్టి, మట్టి కప్పేస్తారు. చెట్టు తాగేస్తుంది. నెలన్నరదాకా ఆ చెట్టు కాయ ముట్టుకోకూడదట. నెలన్నర దాటగానే విషం అమృతమైపోతుంది కాబోలు. దానికి కేలెండరు ఎవరిచ్చారో?

"మా పెరట్లోకి మందు రాదండి, అమ్మిరాజుగారూ," అన్నాను. "పెళ్ళికి ముందు చోడవరం కొండల్లో మిషను బడిలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. అక్కడివాళ్ళు బూడిద, పేడ, ఎండాకుతోనే బంగారం పండించేవారు. నా పాదుల్లో వాటికి తోడు వేపపిండి. అంతే."

"ఆయ్," అన్నారాయన. కాస్సేపుండి, "మీ చెట్టుమీద పురుగు మళ్ళీ మా తోటలోకే వస్తదండి," అన్నారు, ఎంతో మెత్తగా.

"వస్తే పంపించెయ్యండి, మా కోళ్ళు తింటాయి."

మా పోస్టుమాస్టరుగారు, అదే మా ఆయన, పక్కనే కూర్చుని మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నారు. ఒక్క మాట సాయం లేదు. సుందరరావు అని పేరు పెట్టారు గానీ, మౌనరావు అని పెట్టాల్సింది.

మధ్యాహ్నం పెరట్లో పొన్నగంటికూరతో పప్పు. ఈయనకి ప్రాణం. ఎంత వడ్డిస్తే అంతా తినేస్తారు, మారు మాట్లాడకుండా.

జనవరి 10

గంగాబొండం ఆకులు నిప్పు సోకినట్టు మాడిపోయాయి. వేపగింజల కషాయం రెండుసార్లు కొట్టాను. ఆకు తిప్పి చూస్తే గూళ్ళు గూళ్ళుగా పురుగే.

అప్పనపల్లినుంచి అమ్మ పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మొక్క అది. నన్ను కూడా అంత జాగ్రత్తగా మోసి ఉండదు. పొద్దున్న దాని మొదట్లో నిలబడితే కంట్లో నలక పడింది. చాలాసేపు పోలేదు. ఈయన కిటికీలోంచి చూస్తున్నట్టున్నారు.

రేపు చోడవరం వెళ్తున్నాను. కొండ చిక్కుడు, దొండ తీగలు తెచ్చుకోవాలి. ఈయనకి చారు పెట్టుకోవడం వచ్చు. కోళ్ళకి గింజలు చల్లడం కూడా వచ్చు.

జనవరి 18

వచ్చాను. విత్తనాలు మూడు మూటలు.

ఇంట్లో వింత! ఈయన గంగాబొండం పాదు తవ్వి, మట్టి ఎగదోసి, పైన ఎండాకు దిట్టంగా కప్పి ఉంచారు. జన్మలో పార పట్టని మనిషి. "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాను. "ఊరికే, తోచక," అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. మెచ్చుకుంటే సిగ్గు.

జనవరి 30

చెట్టు నెత్తిన కొత్త మువ్వ, లేతాకు, పచ్చగా వచ్చింది. పురుగు రాలిపోతోంది, కోళ్ళు ఏరుకు తింటున్నాయి. చూశారా అమ్మిరాజుగారూ!

సాయంత్రం మా గుడి స్త్రీల సమాజంలో బైబిలు వాక్యం అయ్యాక లేచి చెప్పాను. వేపపిండి ఎంత వెయ్యాలో, కషాయం ఎలా కాచాలో. సుగుణ, జయమ్మ తమ చెట్లకి మందు కట్టించబోతున్నారట, మానేస్తామన్నారు. ఇంటికొచ్చి ఈయనకి చెబితే చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. తరవాత, "అందరితోనూ చెప్పేసేవా?" అన్నారు.

"మంచిమాట దాచుకుంటామా?" అన్నాను.

ఫిబ్రవరి 9, శనివారం

రేపు గుడిలో కోత పండుగ. ఈసారి నా అర్పణ గంగాబొండం గెల. చిన్న నిచ్చెన వేసుకుని నేనే కోశాను. పొడుగు బొండాలు, చెంబుల్లా నిగనిగలాడుతున్నాయి.

ఈయన ఉన్నట్టుండి వాదానికి దిగారు. గుమ్మడికాయ పట్టుకెళ్ళమంటారు. పుంజుని పట్టుకెళ్ళమంటారు. బొండాలు ఇంకా ముదరలేదంటారు. ముదిరితే బొండాం అని ఎవరంటారండీ, కొబ్బరికాయ అంటారు గానీ! ఇంత గొడవ పెళ్ళయినప్పట్నించీ ఎన్నడూ పెట్టుకోలేదు. పిసినారితనం అంతే. "దేవుడికిచ్చేది మొదటిదీ మంచిదీ అయ్యుండాలి," అని నోరు మూయించాను.

ఫిబ్రవరి 10, ఆదివారం

ఇవాళ నవ్వలేక చచ్చాను.

ఆరాధన అయ్యాక గుడి వాకిట్లో అర్పణలకి వేలం పాట. సంఘపెద్ద జీవరత్నంగారు నా గెల ఎత్తి, "టీచరుగారి పెరటిది, మందు సోకని గెల!" అన్నారు. సత్యానందం పాట అందుకున్నాడు. వాళ్ళ నాన్నకి జ్వరమట, లేతనీళ్ళు పట్టిద్దామని. పాపం, ఆ గెల వాడికే వెళ్తుందనుకున్నాను.

వెనకనుంచి మా పోస్టుమాస్టరుగారు పాట పెంచారు. గొడుగు కొత్తది కొనమంటే పాతదానికే మాట్లు వేయించే మనిషి! సత్యానందం పెంచితే ఈయన పెంచారు. జనం నవ్వులు. "చెట్టు మీదే, గెల మీదే, మళ్ళీ మీ ఇంటికేనా అండీ?" అని జీవరత్నంగారు. "టీచరుగారంటే ఎంత ఇదో," అని ఆడవాళ్ళు. ఈయన మెడమీద చెమటలు. చివరికి సత్యానందం దండం పెట్టి వదిలేశాడు. గెల ఈయనకే.

సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది, ఎందుకు అబద్ధం? ముప్ఫై ఏళ్ళ కాపురంలో నలుగురిలో నాకోసం నోరు విప్పడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 11

గెల పశువుల పాకలో పడేశారు. గొయ్యి తీసి పాతేద్దాం, కాదంటే కాలవలో వేద్దాం అంటారు. దేవుడి దగ్గర పాడుకున్నది పారెయ్యొచ్చా? మా అమ్మ కాలంనించీ ఒకటే లెక్క. పాడుకున్న ఇంట్లోవాళ్ళే ఆఖరిదాకా తినాలి, గడప దాటిస్తే దీవెన దాటిపోతుంది.

నేనే కత్తిపీట పెట్టి ఒకటి చెక్కి ఇచ్చాను. సగం నాకిమ్మంటే ఇవ్వలేదు. "నేను పాడుకున్నాను, అన్నీ నావే," అని గడగడా తాగేశారు. పసిపిల్లాడు నయం.

ఫిబ్రవరి 12

బొండాం తీసుకెళ్ళి మందారం మొదట్లో ఒంపేస్తుంటే పట్టుకున్నాను. బడిలో కూడా ఎవర్నీ అంత తిట్టలేదు. "దేవుడి సొత్తు మట్టిపాలు చేస్తారా? ఇష్టం లేకపోతే ఎందుకు పాడారు? ఇటివ్వండి, నేను తాగుతాను," అని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. గోడవైపు తిరిగి మిగిలింది తాగేశారు.

ఫిబ్రవరి 13

ఎదురుగా కూర్చుని తాగించాను.

ఫిబ్రవరి 14

తల తిరుగుతోందట. కళ్ళంట నీళ్ళు. పైత్యం చేసి ఉంటుంది. ఇంకోటి ఎక్కువ ఇచ్చాను, చలవ.

ఫిబ్రవరి 15

దేవా.

ఫిబ్రవరి 17, ఆదివారం. అమలాపురం ఆస్పత్రి

రాస్తే చెయ్యి నిలుస్తుందేమోనని రాస్తున్నాను. డైరీ సంచిలోకి ఎలా వచ్చిందో తెలీదు. దుప్పటి తెచ్చుకోలేదు గానీ ఇది తెచ్చుకున్నాను.

శుక్రవారం పొద్దున్న పెరట్లో పడిపోయారు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కండలు ఎగిరెగిరి పడుతున్నాయి. కారు మాట్లాడుకుని బోడసకుర్రు రేవుకి వస్తే ఏరు దాటించే పంటు అవతల ఒడ్డున ఉంది. ఎండలో, ఈయన తల ఒళ్ళో పెట్టుకుని, ఆ పంటుని చూస్తూ కూర్చున్నాను. అంత నెమ్మదిగా నడిచే వస్తువు లోకంలో ఇంకోటి లేదు.

డాక్టరు కుర్రాడు. టార్చి వేసి కళ్ళలోకి చూశాడు. తరవాత నావైపు తిరిగి, వార్డంతా వినపడేలా, "ఏం మందు తాగేరండీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు. "పురుగుల మందు తాగితే ఇలాగే ఉంటదండి. ఇంట్లో ఏమన్నా గొడవా?"

"మా ఇంట్లో మందన్నదే ఉండదండి! ఎలకలకి కూడా బోను పెడతాను. కావలిస్తే రాజోలు తాలూకా అంతా అడగండి," అన్నాను. గొంతు ఎవరిదో అనిపించింది. డాక్టరు నామాట వినకుండా ఇంజక్షను చేశాడు. చేస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మిరాజుగారు వచ్చారు. డాక్టర్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడారు. ఖర్చుల సంగతేమో అనుకున్నాను, ఒళ్ళు మండింది. ఆ తరవాత మాత్రం డాక్టరు మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఫిబ్రవరి 19

కళ్ళు తెరిచారు. గుర్తుపట్టారు. మాట్లాడరు.

చూడ్డానికొచ్చిన జయమ్మ గుమ్మం అవతల ఎవరితోనో అంటోంది. "టీచరుగారి నోటికి భయపడి తాగేసేరటండి." ఊళ్ళో అదే అనుకుంటున్నారట. వెళ్ళి చెంప పగలగొడదామనుకున్నాను. ఈయన నోరు తుడుస్తూ ఉండిపోయాను.

ఈయన అలాంటి పని చెయ్యరు. ఎందుకు చేస్తారు? ఏం తక్కువైంది?

ఫిబ్రవరి 21

బట్టలకోసం ఇంటికి వచ్చాను. సుగుణని కోళ్ళని చూడమంటే అన్నీ వదిలేసింది. గంగాబొండం పాదంతా కెలికేశాయి. ఈయన కప్పిన ఎండాకు చెల్లాచెదరు. సర్దుదామని వంగాను.

ప్లాస్టిక్ సంచి. ఖాళీది. వేరుకి దారంతో కట్టి ఉంది. మట్టి చేత్తో తోశాను. ఇంకోటి. ఒకటి చాలదని రెండు కట్టారు.

నా పెరట్లో. అమ్మ చెట్టుకి.

అక్కడే కూలబడ్డాను. ఎంతసేపో తెలీదు. గెల కోసింది నేను. చెక్కింది నేను. ఎదురుగా కూర్చుని తాగించింది నేను. పైత్యమని ఇంకోటి ఎక్కువిచ్చింది నేను. నెలన్నర కాదు కదా, నెల కూడా కాలేదు.

తరవాత కోపం వచ్చింది. కోపం రావడం ఎంత హాయిగా ఉందో. ఆ సంచులు పట్టుకుని తిన్నగా అమ్మిరాజుగారి తోటలోకి వెళ్ళాను. అంబాజీపేట లారీకి కాయలు ఎత్తుతున్నారు. పదిమంది మనుషులు. "నేను ఊళ్ళో లేనప్పుడు దొంగతనంగా నా చెట్టుకి విషం పెట్టించారా? మీ తోట బాగుంటే చాలా? నా మొగుడు చావుబతుకుల్లో ఉన్నాడు. పోలీసులకి చెప్తాను," అని సంచులు ఆయన కాళ్ళదగ్గర కొట్టాను.

ఆయన భుజంమీద కండువా తీసి చేత్తో పట్టుకున్నారు. నావైపు చూడలేదు.

"ఆయ్. తప్పయిపోయిందండి," అన్నారు. అంతే.

ఫిబ్రవరి 22

పొద్దున్నే ఆస్పత్రికి వచ్చి ఈయనకి అంతా చెప్పాను. సంచుల సంగతి, అమ్మిరాజుగారిని కడిగేసిన సంగతి, పోలీసు రిపోర్టు రాయిస్తానన్న సంగతి. గెలిచినదాన్నిలా చెప్పాను. ఊళ్ళో వాళ్ళ నోళ్ళు ఇంక మూతపడతాయని కూడా అన్నాను.

ఈయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆయన్నేమీ అనకు సలోమీ. నేనే కట్టించేను."

పోలీసు రిపోర్టుకని తెచ్చిన తెల్లకాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

"నువ్వు చెట్టు మొదట్లో నిలబడి ఏడవడం చూసేను. చోడవరం వెళ్ళేవు కదా అని నేనే ఆయన్ని బతిమాలేను. టీచరుగారికి చెప్పకుండా వద్దండి అన్నారాయన. నేను ఒట్టు వేయించుకున్నాను, ఎప్పటికీ చెప్పొద్దని."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే అనుకున్నాను. చెట్టు చిగురించింది. నువ్వు నవ్వుతున్నావు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటుండగా నువ్వు సమాజంలో అందరికీ చెప్పొచ్చేవు. ఇంకెలా చెప్పను?"

"మరి గెల?"

"ఇంకోళ్ళింటికి వెళ్ళనిస్తానా? జొరంతో ఉన్న ముసలాయనకి పట్టించేవోడు ఆ సత్యానందం."

"ఇంట్లో పారెయ్యొచ్చు కదండీ!"

"పారేస్తే పట్టుకున్నావు కదా." కళ్ళు మూసుకున్నారు. "నేను తాగకపోతే నువ్వు తాగేద్దువు. చెయ్యి కూడా చాపేవు. కొంచెమే కదా, చెట్టు పీల్చగా మిగిలింది ఏపాటి ఉంటదిలే అనుకున్నాను."

దుప్పటి ఆయన గుండెలదాకా లాగి కప్పాను.

ఫిబ్రవరి 23

డాక్టర్ని అడిగాను. అమ్మిరాజుగారు ఆ సాయంత్రం ఏం చెప్పారని. చెట్టుకి కట్టిన మందు పేరు చెప్పారట. ఊళ్ళో గెల సంగతి, బొండాల సంగతి విని, ఉన్నపళంగా పంటు ఎక్కి వచ్చారట. "ఆ పేరు తెలవబట్టే ధైర్యంగా వైద్యం చేసేనండి," అన్నాడు డాక్టరు. బొండాలవల్లే ఇదంతా అయిందా అంటే, తప్పకుండా అవునని చెప్పలేనన్నాడు. కాదనీ చెప్పలేడట.

నిన్నగాక మొన్న ఆయన కాళ్ళదగ్గరే నేను సంచులు కొట్టింది.

నాతో చెప్పడంకన్నా విషం తాగడమే తేలికనిపించింది ఈయనకి.

మళ్ళీ రాస్తున్నాను. నాతో చెప్పడంకన్నా విషం తాగడమే తేలికనిపించింది.

ఊళ్ళోవాళ్ళు అన్నది అబద్ధం కాదు. జయమ్మకి ఎవరు చెప్పారో గానీ, సరిగ్గానే చెప్పారు.

ఫిబ్రవరి 27

ఇంటికి తీసుకొచ్చాను. చిక్కిపోయారు, చొక్కా కొంకికి తగిలించినట్టుంది.

సాయంత్రం అమ్మిరాజుగారి తోటకి వెళ్ళాను. కాయలు ఒలిచే మనుషులు ఉన్నప్పుడే వెళ్ళాను. తిట్టింది వాళ్ళముందేగా. క్షమించమని అడిగాను.

"అయ్యో, అదెంతమాటండి. నాదీ తప్పేనండి. అడిగింది మాస్టారైనా కట్టింది మావాళ్ళే గదండి. ఓ మాట తమరి చెవిన వెయ్యాల్సింది. ఒట్టు పెట్టేసుకున్నానండి మరి," అన్నారు. కుర్చీ తెప్పించారు. "మజ్జిగ తాగి వెళ్ళాలండి," అన్నారు. తాగాను.

గంగాబొండానికి నా ఎర్రచీర అంచు చించి కట్టాను, ఎవరూ కాయ కొయ్యకుండా. చెట్టు పచ్చగా నవనవలాడుతోంది. దానివైపు చూడలేకపోతున్నాను. కొట్టించెయ్యాలనీ లేదు. పాపం, దానిదేం తప్పు, పెట్టింది తాగింది.

మార్చి 3, ఆదివారం

స్త్రీల సమాజంలో లేచి నిలబడి చెప్పాను. చెట్టు బాగుపడింది నా వేపపిండివల్ల కాదని. జరిగిందంతా చెప్పాను. జయమ్మ తల ఎత్తలేదు.

సుగుణ అడిగింది. "మీరు చెప్పేరని మందు మానేసేమండి. మా చెట్లు మాడిపోతున్నాయి. ఇప్పుడేం చెయ్యమంటారు టీచరుగారూ?"

"నాకు తెలీదమ్మా," అన్నాను.

ఆ మాట నా నోట వినడం వాళ్ళకీ కొత్తే, నాకూ కొత్తే. నేనైతే మందు కట్టను. కానీ కట్టేవాళ్ళని తిట్టను కూడా. అంతవరకే తెలిసింది.

మార్చి 5

కొండ చిక్కుడు మొలిచింది. పెట్టిన ప్రతి గింజా లేచింది. ఎప్పుడూ అయితే ఒక పేజీ రాసేదాన్ని.

మధ్యాహ్నం ఈయనకి ఆకలేస్తోందన్నారు. సంబరపడి, ఒంటికి మంచిదని, పెరట్లోకి పరిగెత్తి పొన్నగంటికూర కోసి పప్పులో వేసి, నెయ్యి వేసి పెట్టాను. ఎప్పటిలాగే ముద్ద కలిపారు. నోటిదాకా తీసుకెళ్ళి ఆపారు. కంచంలో పెట్టేశారు.

"సలోమీ."

"ఏమండీ? కడుపులో తిప్పుతోందా?"

"కాదు. నాకు పొన్నగంటికూర ఇష్టం లేదు."

"ఇవాళ సయించడం లేదా?"

"ఎప్పుడూ లేదు. పెళ్ళయినప్పట్నించీ లేదు."

గరిట గిన్నెలో పెట్టేశాను. ముప్ఫై ఏళ్ళు. వారానికి రెండుసార్లు. ప్రాణం అని ఊరందరికీ చెప్పాను. ఈ డైరీలో కూడా రాశాను. ఈయన నావైపు చూస్తున్నారు, క్లాసులో తప్పు చెప్పి బెత్తం దెబ్బకోసం ఎదురుచూసే పిల్లాడిలా.

కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కంచం తీసి, వేరే కంచంలో అన్నం, చారు, అప్పడం పెట్టి ఇచ్చాను. ఎదురుగా కూర్చోలేదు. పక్కన కూర్చున్నాను.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగాను.

అప్పడం విరిచి చారన్నంలో కలిపారు.

"ఉన్నాయి," అన్నారు. "మెల్లిగా చెప్తాను."

సరేనన్నాను. రేపు అడగాలి. అడగాలంటే నాకే భయంగా ఉంది.